ఎర్రగా వచ్చిన మూత్రాన్ని ‘వేడి’ అని తీసిపారేయకండి

మా ఊళ్లలో క్లినిక్‌లు నడిపే డాక్టర్లకు, ఆర్‌ఎంపీలకు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లకు,

నమస్కారం.

నేను సిరిసిల్ల దగ్గర ఒక చిన్న పట్టణంలో 20 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మీరు చీటీ మీద ‘యూరిన్ రొటీన్’ అని రాసి పంపిస్తే ఆ డబ్బా వచ్చేది నాలాంటివాళ్ల చేతికే. మీలో చాలామందికి నా ముఖం తెలియదు గానీ కొందరికి నా చేతిరాత తెలిసే ఉంటుంది. ఈ ఉత్తరం ఆ రిపోర్టులో ఒక్క లైను గురించి. ‘పస్ సెల్స్’ (చీము కణాలు) కింద ‘ఆర్‌బీసీ’ (ఎర్ర రక్త కణాలు) అని ఉంటుంది చూడండి, ఆ లైను.

ఆ లైనును ఎవరూ చదవడం లేదన్నదే నా బాధ. మీ మీద కోపంతో రాయడం లేదు. మా బాపు రిపోర్టులో ఆ అంకె రాసింది నేనే. రాసి ఊరుకున్నదీ నేనే.

బాపు రంగుల పని చేసేవాడు. సాంచాల (మరమగ్గాల) మీదికి పోయే నూలుకు రంగు అద్దే కార్ఖానాలో 16 ఏళ్లప్పుడు చేరాడు. నా చిన్నప్పుడు ఆయన మోచేతుల దాకా ఒకరోజు నీలం, ఒకరోజు ఎరుపు. అన్నం కలుపుకునేటప్పుడు గోళ్ల సందుల్లో రంగు కనబడేది. దానికి తోడు రోజుకు రెండు కట్టల బీడీలు. 58 ఏళ్ల వయసులో, ఏప్రిల్ నెలలో ఒక పొద్దున బాత్రూంలోంచి వచ్చి, “బిడ్డా, ఎర్రగ పోతున్నది” అన్నాడు. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. “ఎండల తిరిగిన గదా, వేడి చేసుంటది” అని జవాబు కూడా ఆయనే చెప్పుకున్నాడు. అమ్మ బార్లీ కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది. నేను డబ్బా ఇచ్చి శాంపిల్ తెచ్చుకున్నాను. పస్ సెల్స్ 2–3. ఆర్‌బీసీ 20–25.

ఆ రిపోర్టు పట్టుకుని క్లినిక్‌కు పోయాడు. అక్కడా అదే మాట: వేడి, కొంచెం ఇన్ఫెక్షన్. ఐదు రోజుల యాంటీబయాటిక్, ఒక సీసా సిరప్. మూడో రోజుకల్లా మూత్రం మామూలు రంగుకు వచ్చింది. మందు పనిచేసిందని మేమంతా అనుకున్నాం. ఆ రక్తం దానంతటదే ఆగిందని అప్పుడు మాకు తెలియలేదు. బ్లాడర్‌లోని (మూత్రాశయంలోని) క్యాన్సర్ గడ్డ ఒకరోజు రక్తం కారుస్తుంది, తర్వాత వారాలు, ఒక్కోసారి నెలలు ఊరుకుంటుంది. ఆ మధ్యలో ఏ మందు వేసుకున్నా దానికే మంచి పేరు వస్తుంది.

పస్ సెల్స్ రెండు మూడే ఉంటే ఇన్ఫెక్షన్ ఎక్కడిది? ఆ ప్రశ్న నేనైనా అడగాల్సింది. డాక్టర్‌కు ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు. దసరా ముందు మళ్లీ ఒకసారి ఎర్రగా వచ్చింది, మళ్లీ అదే మందు. మరుసటి ఏడాది జూన్‌లో గడ్డలు గడ్డలుగా రక్తం పడి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొట్ట పట్టుకుని అరుస్తున్న బాపును రాత్రికి రాత్రి కరీంనగర్ తీసుకుపోయాం, అక్కడి నుంచి హైదరాబాద్. సిస్టోస్కోపీ (మూత్రం దారిలోంచి సన్నని కెమెరా గొట్టం పంపి బ్లాడర్ లోపల చూసే పరీక్ష) చేసిన డాక్టర్ గడ్డను నాకు స్క్రీన్ మీద చూపించారు. క్యాలీఫ్లవర్ ముక్కలా ఉంది. అప్పటికే కండరంలోకి దిగింది. మొదటిసారి ఎర్రగా పోయిన రోజుకూ ఆ రోజుకూ మధ్య 14 నెలలు.

బ్లాడర్ తీసేశారు. పేగులో ఒక ముక్క కోసి, మూత్రం పొట్ట పక్కకు వచ్చేలా దారి చేసి, అక్కడ సంచి అంటించారు. బాపు బతికాడు, అది మా అదృష్టం. లుంగీ మడతలో సంచి కనబడకుండా కట్టుకోవడం నేర్చుకున్నాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. పొద్దున సంచి ఖాళీ చేయగానే నాకు ఫోన్ చేస్తాడు, “తెల్లగనే ఉన్నది బిడ్డా” అని. అంతే చెప్పి పెట్టేస్తాడు.

ఈ జబ్బు కండరంలోకి దిగకముందే దొరికితే కథ వేరేలా ఉంటుంది. మూత్రం దారిలోంచే పరికరం పంపి గడ్డను గీకి తీస్తారు, కోత ఉండదు. తర్వాత అవసరాన్ని బట్టి బ్లాడర్‌లోకి మందు ఎక్కిస్తారు. పుట్టిన పిల్లలకు వేసే బీసీజీ ఉంది కదా, ఈ జబ్బు మళ్లీ రాకుండా వాడే ముఖ్యమైన మందుల్లో అదొకటి. బ్లాడర్ మిగులుతుంది. కొత్తగా బయటపడే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి జబ్బు ఆ పైపై దశలోనే ఉంటుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. బాపు ఆ ముగ్గురిలో ఒకడు కావాల్సింది.

‘వేడి’ అనే మాటను నేను వెక్కిరించడం లేదు. అది మా అమ్మ మాట, మా అమ్మమ్మ మాట. బార్లీ నీళ్లతో, కొబ్బరి నీళ్లతో ఎవరికీ నష్టం లేదు. ఆ మాట నమ్ముకుని కూర్చున్నప్పుడు పోయే నెలలతోనే నష్టం. ఇంట్లోవాళ్లు ‘వేడి’ అంటే సరే, చదువుకున్న మీరూ అదే మాట అంటే ఇక ఆ మనిషికి వేరే దారి లేదు.

ఆర్‌బీసీ లైనులో ఆ అంకె ఎలా వస్తుందో చెబుతాను, అప్పుడు దానికి విలువ ఎందుకివ్వాలో తెలుస్తుంది. 10 మిల్లీలీటర్ల దాకా మూత్రం ట్యూబులో పోసి సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పుతాం. పైన తేరిన నీళ్లు వంపేస్తే అడుగున కంటికి కనిపించీ కనిపించనంత మడ్డి మిగులుతుంది. అందులో ఒక చుక్క స్లైడ్ మీద వేసి, పైన కవర్‌స్లిప్ పెట్టి, 40 లెన్స్ కింద చూస్తాం. ఎర్ర కణాలు అక్కడ ఎర్రగా ఉండవు. లేత పసుపు రంగు గుండ్రటి బిళ్లల్లా ఉంటాయి. మూత్రం చిక్కగా ఉంటే ముళ్లు ముళ్లుగా ముడుచుకుపోతాయి, పలచగా ఉంటే ఉబ్బి పగిలిపోతాయి. పొద్దున పట్టిన డబ్బా మధ్యాహ్నం దాకా ఎండలో బస్సెక్కి వస్తే అందులో సగం కణాలు కరిగిపోయి ఉంటాయి. అందుకే తాజా శాంపిల్ కావాలని పేషంట్లను విసిగిస్తాం. పది చోట్ల చూసి (లెన్స్ కింద ఒకసారి కనిపించే చోటును ఫీల్డు అంటాం), లెక్కపెట్టి, సగటు రాస్తాం. అమెరికా యూరాలజీ (మూత్ర సమస్యల వైద్యం) సంఘం గైడ్‌లైన్ ప్రకారం ఒక ఫీల్డులో 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్ర కణాలు ఉంటే దాన్ని పట్టించుకోవాల్సిన రక్తంగా లెక్కవేయాలి. బాపుకు 20 పైన ఉన్నాయి.

స్ట్రిప్ ముంచి చూడటం తేలికే, కాదనను. కానీ స్ట్రిప్ మీద రంగు మారినంత మాత్రాన రక్తం ఉన్నట్టు కాదు, మారనంత మాత్రాన లేనట్టూ కాదు. విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా మింగినవాళ్లకు రక్తం ఉన్నా స్ట్రిప్ చూపించకపోవచ్చు. కండరాలు బాగా నలిగినవాళ్లకు రక్తం లేకున్నా చూపిస్తుంది. స్ట్రిప్‌లో తేలితే మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి. ఆ చుక్క పెట్టి చూడటానికి మాకు పావుగంట చాలు.

ఆర్‌బీసీ కనిపించిన ప్రతి ఒక్కరినీ భయపెట్టమని నేను అడగడం లేదు. రాళ్లు ఉండొచ్చు, మన ఎండలకు అవి ఎక్కువే. ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. ప్రొటీన్ కూడా పోతుంటే కిడ్నీ జబ్బు ఉండొచ్చు, అప్పుడు నెఫ్రాలజిస్టు దగ్గరికి పోవాలి. మగవాళ్లకు ప్రొస్టేట్, ఆడవాళ్లకు నెలసరి రక్తం కలవడం, ఇవీ ఉంటాయి. మైక్రోస్కోప్‌లో మాత్రమే కనిపించే రక్తం ఉన్నవాళ్లలో క్యాన్సర్ తేలేది నూటికి కొద్దిమందికే. కంటికి కనబడేంత ఎర్రగా వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లలో నూటికి పదిమందికి, కొన్నిచోట్ల అంతకు పైనే తేలుతుంది. పదిమందిలో ఒకరు చిన్న మాట కాదు కదా.

ఎవరికి ముప్పు ఎక్కువో తెలుసుకోవడానికి ఖరీదైన మెషిన్ అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు చాలు. వయసెంత? పొగ తాగుతావా, తాగేవాడివా, ఎన్నేళ్లు? ఏం పని చేశావు? ఎర్రగా ఎన్నిసార్లు వచ్చింది? బ్లాడర్ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగే కారణం. పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీలో వడకట్టుకుని, మూత్రంతో పాటు గంటల తరబడి బ్లాడర్‌లో నిలుస్తాయి. గైడ్‌లైన్ లెక్కలో 60 దాటిన మగవాళ్లు, రోజుకు 20 సిగరెట్ల చొప్పున 30 ఏళ్లు తాగినవాళ్లు, ఫీల్డుకు 25 కంటే ఎక్కువ ఎర్ర కణాలు ఉన్నవాళ్లు, కంటికి కనబడేలా రక్తం పోయినవాళ్లు, వీళ్లలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కువ ముప్పు కిందే లెక్క. వాళ్లకు సిస్టోస్కోపీ చేసి బ్లాడర్ లోపల కంటితో చూడాల్సిందే. బీడీల లెక్క ఆ గైడ్‌లైన్‌లో లేదు. రోజుకు రెండు కట్టలు తాగేవాడిని ఏ గుంపులో వేయాలో మీకు ఒకరు చెప్పాలా?

పని గురించిన ప్రశ్న మన దగ్గర అసలు అడగరు. మా ప్రాంతంలో అదే ముందు అడగాల్సింది. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగులు తయారుచేసే కార్ఖానా కార్మికుల్లో బ్లాడర్ గడ్డలు వస్తున్నాయని మొదటిసారి చెప్పాడు. తర్వాత బెంజిడిన్, బీటా నాఫ్థైలమీన్ లాంటి రసాయనాలు దానికి కారణమని తేలింది. మన దేశంలో బెంజిడిన్ ఆధారిత రంగుల మీద 1990ల్లో నిషేధం వచ్చింది. బాపు పనిలో చేరింది దానికి చాలా ముందు. ఈ జబ్బు బయటపడటానికి 20 ఏళ్లు, 30 ఏళ్లు పట్టొచ్చు. బాపుకు రంగు వల్ల వచ్చిందా, బీడీ వల్ల వచ్చిందా, రెండూ కలిసి తెచ్చాయా అన్నది ఎవరూ తేల్చలేరు. కానీ మీ ముందు కూర్చున్న ముసలాయన భీవండిలోనో సూరత్‌లోనో షోలాపూర్‌లోనో పాతికేళ్లు రంగుల పని చేసి వచ్చి ఉండొచ్చు. దుబాయ్‌లో పెయింటర్‌గా చేసి వచ్చి ఉండొచ్చు. రబ్బర్ ఫ్యాక్టరీలో చేసి ఉండొచ్చు. అడిగితే చెబుతాడు. అడగకపోతే, ఆ పనికీ ఈ ఎర్ర మూత్రానికీ సంబంధం ఉందని ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఆడవాళ్ల గురించి వేరుగా చెప్పాలి. వాళ్ల రిపోర్టులు నన్ను ఎక్కువ బాధపెడతాయి. మా ల్యాబ్‌కు ఒక అక్క వచ్చేది, బీడీలు చేసే ఆవిడ, 50 దాటిన మనిషి, నెలసరి ఆగి మూడేళ్లు. ఒకే ఏడాదిలో ఐదుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంది. రెండుసార్లు కల్చర్ పెట్టాం, రెండుసార్లూ ‘నో గ్రోత్’. అంటే సూక్ష్మజీవి లేదు. ఆర్‌బీసీ మాత్రం ప్రతిసారీ ఉంది, ఒకసారి 8, ఒకసారి 15. అయినా చీటీ మీద ప్రతిసారీ ‘యూటీఐ’ (మూత్రం దారిలో ఇన్ఫెక్షన్) అనే రాసి ఉండేది. ఆడమనిషి మూత్రంలో రక్తమంటే ఇన్ఫెక్షన్ అనో నెలసరి అనో అనుకోవడం అంత అలవాటైపోయింది. ఆడవాళ్లకు ఈ జబ్బు మగవాళ్లకంటే తక్కువే వస్తుంది, నిజమే. కానీ వచ్చినవాళ్లకు ఆలస్యంగా బయటపడుతుంది. ఆ అక్కను నేనే బతిమాలి హైదరాబాద్ పంపాను. ఆవిడ సంగతి ఆవిడ అనుమతి లేకుండా ఇంతకంటే రాయను.

కొత్తగా వస్తున్న మూత్ర పరీక్షల గురించీ మీరు వినే ఉంటారు. మూత్రంలో రాలిన కణాలను మైక్రోస్కోప్ కింద చూసి క్యాన్సర్ కణాలు పట్టే సైటాలజీ 1940ల నుంచీ ఉంది. ముదురు రకం గడ్డల్ని బాగా పడుతుంది, నెమ్మదిగా పెరిగే రకాన్ని చాలాసార్లు వదిలేస్తుంది. అందుకే ‘సైటాలజీ నార్మల్’ అని చీటీ రాగానే ఊపిరి పీల్చుకోకూడదు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో తయారైన సీఎక్స్‌బ్లాడర్ అనే పరీక్ష మూత్రంలో ఐదు జన్యువుల జాడ కొలుస్తుంది. రక్తం పోయినవాళ్లలో ఎవరికి సిస్టోస్కోపీ తప్పనిసరి, ఎవరికి అక్కర్లేదు అని ముందే వడబోయడానికి అక్కడ దాన్ని వాడుతున్నారు. అమెరికా గైడ్‌లైన్‌ను 2025లో సవరించినప్పుడు మధ్యస్థ ముప్పు ఉండి సిస్టోస్కోపీ వద్దనుకునేవాళ్లకు ఇలాంటి మూత్ర పరీక్షలు ఇవ్వొచ్చని రాశారు. ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లకు మాత్రం సిస్టోస్కోపీయే.

నన్ను కదిలించింది ఇరాన్ అధ్యయనం. గోలెస్తాన్ రాష్ట్రంలో 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనిస్తూ, వాళ్ల మూత్రం దాచి ఉంచారు. తర్వాతి ఏళ్లలో బ్లాడర్ క్యాన్సర్ వచ్చిన 29 మంది పాత శాంపిళ్లను తీసి పది జన్యువుల్లో మార్పులు వెతికితే 19 మందిలో దొరికాయి. కొన్ని శాంపిళ్లు జబ్బు బయటపడటానికి 12 ఏళ్ల ముందువి. జబ్బు రాని 98 మందిలో 94 మందికి పరీక్ష ఏమీ లేదనే చెప్పింది. ఈ వివరాలు 2023లో మిలాన్‌లో జరిగిన యూరప్ యూరాలజీ సభలో ప్రకటించారు. 29 మంది అంటే చిన్న లెక్క, దాన్ని చూసి రేపే ప్యాకేజీలు అమ్ముకోమని నేను అనను. అనుమానమే లేని ఆరోగ్యవంతులందరికీ బ్లాడర్ క్యాన్సర్ పరీక్షలు చేయాలనడానికి ఆధారాలు చాలవని అమెరికా నిపుణుల కమిటీ 2011లోనే తేల్చింది. పాజిటివ్ వస్తే ఎంత టెన్షనో, ఎన్ని స్కాన్లో, ఎంత ఖర్చో నాకు తెలుసు. కానీ ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 12 ఏళ్ల ముందే డబ్బాలో సమాచారం ఉంటుంది. మా బాపు డబ్బాలోనైతే మామూలు మైక్రోస్కోప్‌కే కనబడింది, 14 నెలల ముందు.

అందుకే నేను కొత్త మెషిన్ అడగడం లేదు. ఉన్న రిపోర్టును చదవమంటున్నాను. ఇన్ఫెక్షన్ అనిపిస్తే మందు ఇవ్వండి, కానీ కోర్సు అయ్యాక మళ్లీ యూరిన్ రాయండి. పేషంట్ రంగు మారిందని చెప్పినా సరే, రాయండి. అప్పటికీ ఆర్‌బీసీ ఉంటే అది ఇన్ఫెక్షన్ కాదని ఒప్పుకుని యూరాలజిస్టుకు పంపండి. కంటికి ఎర్రగా కనబడితే, ఇన్ఫెక్షన్ జాడ లేకపోతే, మళ్లీ పరీక్ష కోసం కూడా ఆగవద్దు. గుండెకు రక్తం పలచబడే మందు వాడుతున్నాడు కాబట్టి అలా వచ్చి ఉంటుందని సర్దుకోకండి. ఆ మందు వాడేవాళ్లకూ అందరిలాగే పరీక్షలు చేయాలనే గైడ్‌లైన్ చెబుతుంది. రాయి దొరికిందని వెతకడం ఆపకండి, రాయి ఉన్న మనిషికి గడ్డ ఉండకూడదని లేదు. అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చిందని కూడా ఆపకండి. చిన్న గడ్డలు, పొరకు అంటుకుని చదునుగా పెరిగేవి అందులో కనబడకపోవచ్చు. సిస్టోస్కోపీ అంటే మగవాళ్లు భయపడి తప్పించుకుంటారు. జెల్లీ మత్తు పెట్టి చేసే కొద్ది నిమిషాల పరీక్ష అని మీరు నచ్చజెబితే వింటారు. నేను చెబితే వినరు.

రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల అధికారులకూ ఇందులోనే ఒక విన్నపం. 30 దాటినవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తలు వచ్చి ఫారం నింపుతారు. బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి అడుగుతారు. చాలా మంచి పని. మా ఇంట్లో ఆ ఫారం నింపినప్పుడు నేను పక్కనే ఉన్నాను. దగ్గులో రక్తం పడుతుందా అని అడిగింది, మూత్రంలో రక్తం గురించి అందులో లేదు. ‘మూత్రం ఎప్పుడైనా ఎర్రగా వచ్చిందా?’ అనే ఒక్క ప్రశ్న చేర్చండి. రంగుల పని, బీడీలు, సిగరెట్లు ఉన్న ఇళ్లలో ఆ ఒక్క మాట అడిగితే చాలు. అవునన్నవాళ్లకు పీహెచ్‌సీలో యూరిన్ మైక్రోస్కోపీ, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి ఒక చీటీ. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక్కరోజైనా సిస్టోస్కోపీ చేసే యూరాలజిస్టు ఉంటే మా పేషంట్లు హైదరాబాద్ బస్సు ఖర్చుకు, కూలి పోగొట్టుకోవడానికి భయపడి ఇంట్లో కూర్చోరు.

మా ల్యాబ్‌లో ఇప్పుడు ఒక రబ్బర్ స్టాంపు చేయించాం. ఆర్‌బీసీ మూడు దాటితే రిపోర్టు మీద ఎర్ర సిరాతో కొడతాను: ‘మూత్రంలో రక్తం ఉంది. కారణం తెలిసేదాకా వదలవద్దు.’ కొందరు డాక్టర్లకు కోపం వచ్చింది, పేషంట్లను భయపెడుతున్నావని ఫోన్ చేశారు. వాళ్లకు ఇదే నా జవాబు. ఎవరికైనా ఆ అంకె మీద అనుమానం ఉంటే ల్యాబ్‌కు రండి. స్లైడ్ తీయకుండా ఉంచుతాను. మైక్రోస్కోప్ దగ్గర రెండో కుర్చీ ఉంది.

ఇట్లు,
మీ చీటీలు చదివే ఒక ల్యాబ్ టెక్నీషియన్
రాజన్న సిరిసిల్ల జిల్లా